తట్టని తలుపు

మార్చి 2

ఫిల్మ్ సొసైటీ సెక్రటరీ వచ్చాడు. చేతికి మైకు దొరికితే దించడు కాబట్టి అందరం అతన్ని మైకు అనే పిలుస్తాం. నెలకొక సభ్యుడికి ఇష్టమైన సినిమా వేస్తున్నారట, ఈ నెల నా వంతట. మీకు నచ్చినవి ఓ పది చెప్పండి, అందులోంచి ఒకటి ఏరుకుంటాం అన్నాడు. పది నచ్చినవాడికి ఏదీ నచ్చనట్టే అన్నాను. నాకు ఒకటే ఉంది. మా బావ, అంటే చెల్లెలి మొగుడు, తీసిన మొదటి సినిమా.

మైకు మొహం వెలిగిపోయింది. దాన్ని ఈమధ్యే ఏదో ల్యాబ్‌లో రిస్టోర్ చేశారట. బావకీ నాకూ మాటల్లేవని అతనికి తెలుసు. తెలిసే వచ్చాడు. వీళ్ళకు కావాల్సింది సినిమా కాదు, మేమిద్దరం ఒకే స్టేజీ మీద ఎడమొహం పెడమొహంగా కూర్చోవడం.

మార్చి 3, ఉదయం

ఆ సినిమాయే ఎందుకు? రాసి పెట్టుకుంటే స్టేజీ మీద తడబడను.

ఒక దర్జీ భార్యతో పోట్లాడి ఇల్లు వదిలిపోతాడు. చాలా కాలానికి తిరిగొస్తాడు. వాన. తన ఇంటి తలుపు ముందు నిలబడి, తట్టడానికి చెయ్యి ఎత్తుతాడు. తెర నల్లబడుతుంది. అంతే. తలుపు వెనక ఎవరున్నారో, అసలున్నారో లేదో మనకు తెలియదు. హాల్లో ఒక్కరూ సీట్లోంచి లేవలేదు. నేనూ లేవలేదు.

గుర్తుండిపోయే సినిమా అన్నీ చెప్పేది కాదు. ఒక్కటి చెప్పకుండా మనతో ఇంటిదాకా వచ్చేది. దీని మీదే పుస్తకం రాశాను, ‘తట్టని తలుపు’. ఇప్పటికీ కాలేజీల్లో చెబుతున్నారు. నేను పోయాక మిగిలేది అదొక్కటే. దాన్ని కాపీ కొట్టి లెక్చరర్లయినవాళ్ళు నన్ను సభలకు పిలవరు, అది వేరే సంగతి.

మార్చి 3, సాయంత్రం

ఇంకో మాట. బావ సినిమా అయినా అప్పట్లో పేపర్లో దాని రివ్యూ నిజాయితీగా రాశాను. చెల్లెలు ప్రివ్యూ పాసు తెచ్చింది. తన పక్కన కూర్చోమని ఎంతో బతిమాలింది. బంధువుల పాసుతో చూసి రాసేవాణ్ణి కాదన్నాను. సినిమా రిలీజయ్యాక నా టికెట్ నేనే కొనుక్కుని, బస్టాండు పక్క హాల్లో మ్యాట్నీ చూశాను. ఇప్పుడెవడు చేస్తాడలా? నిర్మాత కారెక్కి, నిర్మాత తిండి తిని, ఇంటికొచ్చి నాలుగు స్టార్లు ఇస్తాడు.

ఆ రివ్యూతోనే బావ గొప్పవాడయ్యాడు. తర్వాత తీసినవన్నీ అలాగే ముగించాడు. ఒకదాంట్లో ఎత్తిన కాలు కింద పెట్టరు. ఇంకోదాంట్లో ఎత్తిన చెంచా నోటిదాకా పోదు. నేను రాసిన నాలుగు వాక్యాల మీద జీవితమంతా బతికాడు. అవార్డు తీసుకుంటూ ఒక్కసారైనా నా పేరెత్తలేదు.

మార్చి 7

మైకు ఫోన్. సినిమా చివరి రీలు కూడా దొరికిందట. ఏ చివరి రీలు అన్నాను. తలుపు తట్టాక వచ్చేదండీ అన్నాడు.

మార్చి 8

రాయబుద్ధి కావడం లేదు.

మార్చి 9

మైకు వచ్చి కూర్చుని అంతా చెప్పాడు. సంతోషం దాచుకోవాలని పాపం చాలా ప్రయత్నించాడు. ల్యాబ్ వాళ్ళకు బావే చెప్పాడట. ఆ బస్టాండు పక్క హాలు మేనేజరు, తర్వాతి ఆటకు టైము చాలదనుకుంటే రీలు ఎగరగొట్టేవాడట. నేను చూసిన మ్యాట్నీకి చివరిది ఎగరగొట్టాడు. నా రివ్యూ వచ్చి పేరు రాగానే నిర్మాత అన్ని ప్రింట్లలోంచీ ఆ రీలు తీయించేశాడు. దొరికిన పొగడ్తను ఎవడు వదులుకుంటాడు?

అంటే ఆ ముగింపు బావది కాదు, మేనేజరుది. నేను ఆకాశానికెత్తిన ఆ మౌనం హాలు ఊడవడానికి మిగుల్చుకున్న టైము. జనం సీట్లలోంచి లేవకపోవడం తన్మయత్వం కాదు. సినిమా అయిపోయిందని వాళ్ళకు తెలియలేదు.

పాసు పుచ్చుకుని ప్రివ్యూకి పోయిన ప్రతి వెధవా సినిమా పూర్తిగా చూశాడు. నిజాయితీపరుణ్ణి నేనొక్కణ్ణే చూడలేదు.

ఆ రీలు వెయ్యమంటారా అని అడిగాడు మైకు. ఎంపిక నాది కాబట్టి నా మాటే చెల్లుతుందట. వద్దన్నాను. వేస్తే నా పుస్తకం పొట్లాలు కట్టుకోవడానికి తప్ప పనికిరాదు.

మార్చి 10, మధ్యాహ్నం

బావ వచ్చాడు. చెల్లెలు పోయాక మా మెట్లెక్కడం ఇదే మొదలు. చేతికర్ర, ఆయాసం. కూర్చోమనలేదు. కూర్చున్నాడు.

రీలు వెయ్యమన్నాడు. అయితే అవార్డులన్నీ తిరిగిచ్చేస్తావా అన్నాను. సంచి తెచ్చుకో, అన్నీ నువ్వే పట్టుకుపో అన్నాడు. నా రివ్యూ వల్లే మనిషివయ్యావన్నాను. నీ రివ్యూకి సరిపోయే సినిమాలు తీస్తూ ముసలివాణ్ణయ్యాను, నాకు కావాల్సింది ఒక్కటీ తీయలేదు అన్నాడు. మరి అప్పుడే ఏడవాల్సింది అన్నాను. మీ చెల్లెలు వద్దంది అన్నాడు.

దానికేం సంబంధం అన్నాను.

“ఆ తలుపు తీసేది మీ చెల్లెలే, బావా.”

ఆ వేషానికి రావాల్సిన ఆవిడ రాకపోతే చెల్లెల్ని నిలబెట్టారట. ఆ ఇంట్లోకి కొత్తగా అద్దెకు దిగిన మనిషి వేషం. ముందే చెబితే నా మొహం చూసే సరదా పోతుందని చెప్పలేదట. అందుకే పక్కన కూర్చోమని అంతలా బతిమాలింది. తర్వాత పేపర్లో నా రివ్యూ చదివింది. అన్నయ్య అంత పెద్దగా రాసుకున్నాడు, ఇప్పుడు తప్పని తేలితే తలెత్తుకోలేడు, ఎవరూ నోరెత్తొద్దు అందట.

చిన్నప్పుడు మేమిద్దరం కలిసి చూడని సినిమా లేదు. విలన్ కనబడితే చాలు, నా చొక్కా చేతిని పిడికిట్లో నలిపేసేది. ఆ రివ్యూ తర్వాత ఎప్పుడు సినిమాకి పిలిచినా తలనొప్పి అనేది. డైరెక్టర్ పెళ్ళామై పొగరెక్కిందని అనుకున్నాను. నలుగురితో అన్నాను కూడా.

నాకొక్కడికే వేసి చూపించమన్నాను. ల్యాబ్‌లో, ఎవరూ లేకుండా. బావ నవ్వాడు. నవ్వడం అతనికి బాగా రాదు.

“హాల్లో చూడు. అందరితో పాటు. టికెట్ కొనుక్కుని.”

మార్చి 11

చూడకపోతే పుస్తకం దక్కుతుంది. చెల్లెలి మాట నిలబెట్టినట్టూ అవుతుంది. ఎంత చక్కగా కుదిరిందో. పిరికితనానికి మంచి వాదనలు దొరుకుతాయి. చదువుకున్నవాడికి ఇంకా మంచివి దొరుకుతాయి.

మార్చి 13

చెల్లెలి గొంతు గుర్తు తెచ్చుకుందామని పొద్దున్నుంచి చూస్తున్నాను. ఆఖరి రోజుల దగ్గు గుర్తొస్తోంది. గొంతు రావడం లేదు.

మైకుకి ఫోన్ చేసి రీలు వెయ్యమన్నాను. మరి మీ పుస్తకమండీ అన్నాడు. ఫోన్ పెట్టెయ్ అన్నాను.

మార్చి 16

టికెట్ కొన్నాను. బావ ముందు వరుసలో, నేను చివర. మైకు సినిమా కన్నా కొంచెం తక్కువ సేపు మాట్లాడాడు.

దర్జీ వానలో వచ్చాడు. చెయ్యి ఎత్తాడు. తెర నల్లబడలేదు. తట్టాడు. తట్టేశాడండోయ్ అని ఎవరో అరిచారు. హాలంతా గొల్లుమంది. అందరికన్నా ఎక్కువసేపు నవ్వినవాడు నా పుస్తకం మీద పరిశోధన చేసి ఉద్యోగం తెచ్చుకున్నవాడు.

తలుపు తెరుచుకుంది.

రీలు చెత్త. ఏడుపు, పాట, ఓ పెద్దమనిషి నీతిబోధ. మేనేజరు ముగింపే గొప్పది. నా పుస్తకంలో ఒక్క అక్షరం మార్చను. బయటికొస్తూ బావకి అదే చెప్పాను. నాకూ తెలుసు అన్నాడు.

చెల్లెలికి నటన రాదు. చేతులెక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. వాళ్ళు ఇల్లు మారారండీ, తడిసిపోయారు, లోపలికొచ్చి కూర్చోండి. ఈ కాస్త మాటా పాఠం అప్పజెప్పినట్టు అంది. అనేసి, బాగా చెప్పానా అన్నట్టు కెమెరాలోకి చూసింది.

కెమెరాలోకి చూడటాన్ని మించిన తప్పు నటనలో లేదు. జీవితమంతా ఆ మాట రాశాను.

మార్చి 17

మళ్ళీ వేశారు. వెళ్ళాను. పక్క సీట్లో ఎవరో కూర్చోబోయారు. మనిషి ఉంది అన్నాను.