అనుమానం చాలు

శ్రీవారికి,

నమస్కారాలతో రాస్తున్నాను. నేనూ, అత్తయ్యగారూ క్షేమంగానే ఉన్నాం. మీరక్కడ ఫోన్ కూడా అందని ఆ వంతెన పని మధ్య వేళకు ఇంత తింటూ, ఆ ఇనుప టోపీ తల మీదే ఉంచుకుంటూ క్షేమంగా ఉన్నారని అనుకుంటున్నాను. అత్తయ్యగారి మోకాళ్ళు అలాగే ఉన్నాయి, నోరు మాత్రం ఇంకా బాగుంది. "మీ నొప్పి ఎలా ఉందని రాయమంటారు?" అని అడిగితే, "వాడికి తెలిస్తే ఏం చేస్తాడు, అక్కణ్ణుంచి పిసుకుతాడా?" అన్నారు.

ఈ ఉత్తరం మా బడి బస్సులో కూర్చుని రాస్తున్నాను. పొద్దుటి ట్రిప్పు అయిపోయింది, సాయంత్రం ట్రిప్పుకు ఇంకా టైముంది. డ్రైవరు బాబాయి చివరి సీట్లో తువ్వాలు మొహం మీద కప్పుకుని పడుకున్నాడు. షెడ్డులో బస్సులన్నీ కదలకుండా నిలబడి ఉన్నాయి, నాకే కాలు నిలవడం లేదు. రెండు ముక్కలు రాయడం, దిగి గేటు దాకా వెళ్ళడం, రోడ్డు మీదకు చూడటం, మళ్ళీ వచ్చి కూర్చోవడం. ఎందుకో చెబుతాను. ముందు మీరు అడిగినవి రాసేస్తాను, లేకపోతే "నేనడిగింది ఒకటి, నువ్వు రాసింది ఒకటి" అని సాధిస్తారు.

వేలిముద్రలు దొంగలకు కదా తీస్తారు, నీకెందుకు తీశారు అన్నారు. పిల్లలతో పనిచేసే వాళ్ళందరికీ తీస్తారండీ, ప్రిన్సిపాల్‌కి కూడా. నావి మొదటిసారి సరిగ్గా పడలేదు. "గిన్నెలు ఎక్కువ తోముతారా అమ్మా? గీతలు అరిగిపోయాయి" అని మిషను దగ్గరి అమ్మాయి నవ్వింది. ఆ గిన్నెలు ఎవరింటివో చెప్పాలనిపించింది, ఊరుకున్నాను.

ప్రొబేషన్‌లో ఉన్నన్నాళ్ళు ఎప్పుడంటే అప్పుడు పొమ్మంటారా అని అడిగారు. పని బాగా లేకపోతే అనవచ్చట. కానీ రంగు చూసి, మతం చూసి, ఒంట్లో లోపం చూసి, యూనియన్‌లో చేరినందుకో, కడుపుతో ఉన్నందుకో పొమ్మనడానికి వీల్లేదు. జరుగుతున్న తప్పును బయటపెట్టినందుకు అసలే వీల్లేదు. అలా చేస్తే వాళ్ళ మీదే కేసు పెట్టవచ్చు. మాకు పాఠాలు చెప్పే బడి ఆఫీసు మేడం "కడుపుతో ఉన్నా" అన్నప్పుడు హాల్లో సగం మంది నా వైపు తిరిగారు. ఈ వయసులో నాకా యోగం కూడానా!

అమ్మకు బాగాలేకపోతే సెలవిస్తారా అన్నారు. ఇస్తారు, జీతంతోనే. బస్సు మెట్ల మీద జారిపడితే వైద్యం వాళ్ళదే. అయితే పడిన రోజే చెప్పాలి, ఓర్చుకుని ఎప్పుడో చెబితే కుదరదు. ఈ ఉద్యోగంలో ఓర్చుకోవడం తప్పండీ. ఇన్నేళ్ళు అదే గొప్ప గుణమని నేర్చుకుని వచ్చాను, ఇక్కడ పనికిరాదంటున్నారు.

కొత్తగా చేరినవాళ్ళకు చెప్పే పాఠాల్లో చివరిది పిల్లల రక్షణ గురించి. ఆఫీసు మేడం గొంతుకు మైకు అక్కర్లేదు. "పిల్లను ఎవరైనా హింసిస్తున్నారని మీకు అనుమానం వస్తే చాలు, పిల్లల రక్షణ ఆఫీసుకు ఫోన్ చేయాలి. రుజువు చేయడం మీ పని కాదు. అనుమానించడమే మీ పని" అంది. అందరూ బుద్ధిగా తలూపుతుంటే నాకు పైకే నవ్వొచ్చింది. ఎందుకు రాదు? తాళం వేశాక మూడుసార్లు లాగి చూస్తానని, పాలు వాసన చూడనిదే పొయ్యెక్కించనని, నాకు 'అనుమానం' అని పేరు పెట్టింది మీరే కదా. గుమ్మంలోకి రాగానే "అమ్మా, అనుమానం ఏదీ?" అని మీరడగటం, "వంటింట్లో ఉంది" అని అత్తయ్యగారనడం. ఇప్పుడు జీతమిచ్చి మరీ అనుమానించమంటున్నారు.

మేడం నన్ను లేపి నిలబెట్టింది. "నవ్వారు కదా, మీరే చెప్పండి. అనుమానం వస్తే ముందు ఏం చేస్తారు?"

"ఆ ఇంటివాళ్ళతో ఒక మాట అంటాను మేడం. మెల్లగా, నొప్పించకుండా" అన్నాను. మర్యాదగల ఆడది చెప్పాల్సిన జవాబు అదేనని నా నమ్మకం.

"సరిగ్గా అదే చేయకూడదమ్మా" అంది. "మీరు అడిగి వచ్చేస్తారు. తర్వాత ఆ పిల్ల నోరు కుట్టేస్తారు. నాకు చెప్పినా, ప్రిన్సిపాల్‌కి చెప్పినా మీ పని అయిపోదు, చూసినవాళ్ళే ఫోన్ చేయాలి. మీ పేరు బయటికి పొక్కదు. ఉద్యోగానికి ఢోకా లేదు. మంచి మనసుతో చెప్పింది పొరపాటని తేలినా మిమ్మల్ని ఎవరూ ఏమీ చేయలేరు." నేను కూర్చున్నాను. చదువుకుంది గానీ ఈవిడకు సంసారాల సంగతి తెలియదు పాపం, అనుకున్నాను.

ఇప్పుడే మళ్ళీ గేటు దాకా వెళ్ళి వచ్చాను. ఎవరూ లేరు.

మీ చెల్లెలి కూతురు, మన వసపిట్ట, నా బస్సే ఎక్కుతుందని పోయిన ఉత్తరంలో రాశాను కదా. "మేనకోడలు నీ చేతుల్లో ఉంది, ఇంక నాకు బెంగ లేదు" అని మీరు జవాబు రాశారు. ఆ వాక్యం చదివిన దగ్గర్నుంచి నాకు ముద్ద దిగడం లేదు. ఈ ఉత్తరమంతా దాని గురించేనండీ. ఇంతసేపూ నీళ్ళు నమిలాను.

మొదటి వారం అది బస్సెక్కిన దగ్గర్నుంచి దిగేదాకా వాగుతూనే ఉండేది. డ్రైవరు బాబాయి పేరు, ఆయన పెళ్ళాం పేరు, ఆయన ముందు పళ్ళు ఎందుకు ఊడాయో అన్నీ కనుక్కుంది. తర్వాత తర్వాత మాటలు తగ్గాయి. ఒకరోజు బెల్టు పెడదామని దాని మీదుగా చేయి చాపాను. చటుక్కున రెండు చేతులూ తల మీద పెట్టుకుని ముడుచుకుపోయింది. ఏడవలేదు, అరవలేదు. ఆ చేయి నాదని తెలుసుకుని మెల్లగా చేతులు దించింది. అప్పుడు చూశాను, మోచేతి పైన నాలుగు వేళ్ళ గుర్తులు, పాతబడి పచ్చగా. "ఏమైందే?" అంటే "పడ్డాను" అంది, అప్పజెప్పిన పాఠంలా.

బాబాయిని అడిగాను. "నేను రోడ్డు చూస్తానమ్మా. అద్దంలో వెనకొచ్చే బళ్ళు చూస్తాను. పిల్లల్ని చూడటానికి నిన్ను పెట్టారు" అన్నాడు. కోపం వచ్చింది గానీ, ఏమనగలను, నిజమే కదా.

ఇక నేను చేసిన పని వినండి. హాల్లో నిలబడి ఏం చేస్తానన్నానో అదే చేశాను. ఆదివారం కుట్టు మిషను సూది కావాలనే వంకతో మీ చెల్లెలింటికి వెళ్ళాను. గ్లాసులు కడుగుతోంది. "అమ్మాయ్, పిల్ల చేతి మీద ఆ మచ్చలేంటి?" అన్నాను, మెల్లగా, నొప్పించకుండా. "ఆటల్లో పడింది వదినా. నీకు ప్రతిదీ అనుమానమే, అన్నయ్య ఊరికే అన్నాడా?" అని నవ్వింది. నవ్వుతూ కడిగిన గ్లాసే మళ్ళీ కడిగింది. ఇంతలో మీ బావగారు లోపలి నుంచి వచ్చాడు. "నిలబడే ఉన్నావేంటి చెల్లెమ్మా, కూర్చో" అని తనే కుర్చీ తెచ్చి వేశాడు. అత్తయ్యగారి మోకాళ్ళ గురించి అడిగాడు, ఏదో నూనె పేరు కూడా చెప్పాడు. ఇంత మర్యాదస్తుణ్ణి అనుమానించానా అని నా మీద నాకే సిగ్గేసింది. సూది పుచ్చుకుని వచ్చేశాను.

మర్నాడు ఎండ మండిపోతుంటే పిల్ల నిండు చేతుల స్వెట్టరు వేసుకుని బస్సెక్కింది. ఎప్పుడూ నా పక్కన కూర్చునేది, తిన్నగా వెనక్కి పోయింది. బడి దగ్గర దిగేటప్పుడు ఆఖరి మెట్టు మీద ఆగి, నా మొహం చూడకుండా, "అత్తా, నువ్వు అమ్మను ఏమీ అడగొద్దు. నువ్వు అడిగితే నాన్న తలుపు వేస్తాడు" అంది. ఎవరికీ వినపడకుండా గొంతు తగ్గించి చెప్పింది. నేను బాధపడతానేమోనని మళ్ళీ నవ్వింది కూడా.

మేడం చెప్పింది చెప్పినట్టు జరిగిందండీ. దాని నోరు కుట్టింది నేనే. ఆ తలుపు వెనక ఏం జరిగిందో నాకు తెలియదు. మర్యాద కోసం పోయి ఆ పసిదాన్ని ఇంకోసారి కొట్టించి వచ్చాను.

ఆ రోజే ఈ షెడ్డు వెనక నిలబడి ఫోన్ చేశాను. మీ చెల్లెలి ఇంటి మీద, మీ బావగారి పేరు చెప్పి. మీకు ఒక్క మాట చెప్పకుండా చేశాను. చెబితే మీరేమంటారో నాకు తెలుసు, "తొందరపడకు, నేనొచ్చి మాట్లాడతాను" అంటారు. మీరొచ్చి మాట్లాడేదీ ఆ ఇంటివాళ్ళతోనే కదా. అవతలి ఆవిడ అన్నీ రాసుకుని, "ఆ కుటుంబంతో మీకు సంబంధం ఉందా?" అని అడిగింది. పిల్ల మేనమామ భార్యను అన్నాను. అది కూడా రాసుకుంది. "మీ పేరు మా దగ్గరే ఉంటుందమ్మా" అని మాత్రం అంది. చెప్పకపోతే చట్టప్రకారం శిక్ష ఉందట, అయినా దానికి భయపడి చేశానని మాత్రం ఎవరన్నా మీరు ఒప్పుకోకండి. అప్పుడు నాకు శిక్షలూ గుర్తులేవు, రక్షణలూ గుర్తులేవు. ఆ స్వెట్టరు ఒక్కటే గుర్తుంది.

ఇవాళ పొద్దున పిల్ల బస్సెక్కలేదు. స్టాపులో ఎవరూ లేరు. బాబాయి హారను కొట్టి, ఇంకోసారి కొట్టి, నా మొహం చూసి బండి కదిలించాడు. ఏం జరిగిందో తెలియదు. ఆ రక్షణ ఆఫీసువాళ్ళు వెళ్ళారా, వెళ్ళకముందే మీ బావగారికి తెలిసిపోయిందా, పిల్లను ఎక్కడికైనా తీసుకుపోయాడా? అందుకే కాలుగాలిన పిల్లిలా తిరుగుతున్నాను. నేను అనుకున్నది అబద్ధమైతే ఒక సంసారాన్ని బజారుకీడ్చినదాన్ని. నిజమైతే, ఆదివారం నాడు ఆ కుర్చీలో కూర్చుని నూనె పేరు రాసుకున్నదాన్ని. ఏ రకంగానూ నాకు నిద్ర లేదు.

ఇంతవరకు రాసి ఆపాను. ఫోన్ మోగింది. మీ చెల్లెలు.

"వదినా, ఎవరో మా మీద చెప్పారు" అని ఏడ్చింది. ఇద్దరు ఆడవాళ్ళు పొద్దున్నే వచ్చారట. పిల్లను విడిగా కూర్చోబెట్టుకుని చాలాసేపు మాట్లాడారట. విచారణ అయ్యేదాకా ఆయన్ని ఆ ఇంట్లో ఉండొద్దన్నారట, ఆయన వాళ్ళ అన్నగారింటికి వెళ్ళాడట. "నువ్వు ఆ బడి మనిషివే కదా వదినా, ఎవరో కనుక్కో. నా కాపురంలో నిప్పులు పోశారు, వాళ్ళ నోరు పడిపోను!" అంది.

నా నోరు నిజంగానే పడిపోయింది. చివరికి "పిల్లేం చేస్తోంది?" అన్నాను.

ముక్కు చీదిన చప్పుడు వినపడింది. తర్వాత ఏడుపు లేని గొంతుతో, "పడుకుంది వదినా. ఆయన వెళ్ళిన దగ్గర్నుంచి నిద్రపోతూనే ఉంది. లేపితే అటు తిరిగి మళ్ళీ పడుకుంటోంది, అంత నిద్ర" అంది. ఇంకేదో అనబోయింది. మళ్ళీ సర్దుకుని, "అన్నయ్యకు ఉత్తరం రాశాను, వంతెన దగ్గరికి సిమెంటు తోలే లారీ అతనికి ఇచ్చాను. వచ్చి ఈయన తరఫున నాలుగు మాటలు చెప్పమన్నాను. అన్నయ్య మాట అంటే ఎవరైనా వింటారు" అని పెట్టేసింది.

మీ చెల్లెలి మీద నాకు కోపం లేదు. ఆ గ్లాసు ఎందుకు రెండోసారి కడిగిందో ఇప్పుడు అర్థమవుతోంది. ఆవిడ ఉత్తరం, నా ఉత్తరం ఒకే లారీలో మీ దగ్గరికి వస్తాయి. ఏది ముందు విప్పుతారో నేను చెప్పలేను. మీరు రావాలి, వచ్చి ఆవిడ పక్కన కూర్చోవాలి, పిల్లను ఎత్తుకోవాలి. ఆయన తరఫున మాత్రం ఒక్క మాట కూడా మాట్లాడొద్దు. మిమ్మల్ని ఇలా శాసించడం ఇదే మొదటిసారి. కోపం వస్తే రానివ్వండి.

నా ఉద్యోగం పోదు, దానికి చట్టం అడ్డం ఉంది. మీరు నా మొహం చూడనంటే అడ్డంపడే చట్టం ఏదీ ఆ మేడం చెప్పలేదు. అత్తయ్యగారికీ ఇంకా తెలియదు. ఆ రక్షణ ఆఫీసు నా పేరు మీ చెల్లెలికి చెప్పదు, మీరొచ్చి అడిగినా చెప్పదు. నేను నోరు మూసుకుంటే ఈ జన్మలో మీకు తెలియకుండా మీ పక్కనే బతికేయవచ్చు. నావల్ల కాదు. మీ చెల్లెలి ఉత్తరంలో 'ఎవరో చెప్పారు' అని ఉంటుంది. ఆ ఎవరో నేనేనండీ.

ఇట్లు,
మీ భార్య,
దాని అత్త.