పాత పటం నమ్మి పోయిన పడవ గురించి

తిరుపతి జిల్లా కలెక్టరు గారి సముఖమునకు, పులికాట్ ఒడ్డున మొగకుప్పం ఉన్నత పాఠశాల సాంఘికశాస్త్ర ఉపాధ్యాయుడు ఆదిమూలం సమర్పించుకొను అర్జీ.

అయ్యా,

విషయం: నేను చెప్పిన పాఠం వలన పక్క రాష్ట్రపు ఒడ్డున చిక్కుకున్న ఎల్లప్ప పడవను ఇప్పించుట గురించి.

1. గత జులైలో తొమ్మిదో తరగతికి, సరిహద్దులు కాలాన్ని బట్టి ఎట్లు మారునో పాత పటాలతో బోధించితిని. మొదట మద్రాసు ప్రెసిడెన్సీ నాటి పటం. అందులో మన సరస్సు మీద రాష్ట్రపు గీత లేదు. తరువాత 1953 నాటిది, 1960లో తాలూకాలు ఇచ్చిపుచ్చుకున్న నాటిది, మన జిల్లా ఏర్పడిన 2022 నాటిది చూపవలసి ఉండెను. మొదటిదానికే గంట కొట్టినారు. మిగిలిన పీరియడ్లు పరీక్షల పనికి పోయినవి.

2. నాగవేణి అను విద్యార్థిని ఆ పటాన్ని పల్చటి కాగితం మీద దించుకొని ఇంటికి తీసుకొనిపోయినది. ఆమె తండ్రి ఎల్లప్ప చేపలు పట్టి బతుకువాడు. ఆ నెల మన వైపు నీళ్ళు తగ్గి వల ఖాళీగా వచ్చుచున్నది. "గీత లేదు నాయనా, సారే చెప్పినాడు" అని బిడ్డ చెప్పగా, అతడు ఆ కాగితాన్ని ప్లాస్టిక్ కవరులో పెట్టుకొని దక్షిణంగా పడవ నడిపినాడు.

3. అవతలి ఊరివారు అడ్డగించగా కాగితం చూపినాడు. వారు నవ్వినారట. తరువాత వల కోసి, పడవ ఉంచుకొని, అతనిని నడుములోతు నీళ్ళలో దించి పంపినారు. ఎవరి నీళ్ళలో వారే వల వేయవలెనన్న రెండు ఊర్ల కట్టుబాటు తప్పినాడని మన మొగకుప్పం పెద్దలు కూడా, ఏడాదిపాటు వేటకు దిగరాదని అతనికి తీర్మానం చేసినారు.

4. నేను అతని ఇంటికి పోతిని. తిడతాడనుకున్నాను. కుర్చీ వేసినాడు. "తప్పు మీది గాదు సార్. పటంలో గీత లేదు, నీళ్ళలోనూ గీత లేదు. మరి నా పడవ యాడ ఆగిందో నాకే తెలీలా" అన్నాడు. అయ్యా, ఇరవై రెండేళ్ళుగా ఈ పాఠమే చెబుతున్నాను.

5. ఇక్కడి కార్యాలయంలో, పడవ మన రాష్ట్రంలో లేదు కనుక తమ పరిధి కాదన్నారు. అవతలి కార్యాలయంలో, మనిషి మీ రాష్ట్రం వాడు కనుక అక్కడే అడగమన్నారు. నాకు మాత్రం, పుస్తకంలో లేని పటం ఎందుకు చూపితివో మూడు రోజులలో తెలుపవలెనని విద్యాశాఖ నుండి మెమో వచ్చినది.

6. నాగవేణి ఇరవై రోజులుగా బడికి రాలేదు. రొయ్యలు వలిచే కంపెనీకి పోవుచున్నది. దానికి పద్నాలుగేళ్ళు.

కావున తమరు అవతలి అధికారులకు ఒక్క లేఖ రాసి పడవ ఇప్పించవలెను. అది కాని యెడల, తప్పు ఉపాధ్యాయునిదేనని కుప్పం పెద్దలకు తెలిపి, ఎల్లప్పను నీళ్ళలోకి దిగనివ్వమని చెప్పవలెను. మెమో బాధ నేను పడతాను. ఈ మాత్రము దయతో చిత్తగించవలెను.

తమ విధేయుడు,
ఆదిమూలం

తా.క.: సంతకం చేస్తుండగా నాగవేణి వచ్చింది. అట్టలు వేసిన పుస్తకాలు బల్ల మీద పెట్టి, "ఇంకెవురికన్నా ఇయ్యండి సార్" అంది. కలెక్టరు గారికి రాస్తున్నాను, రెండు వారాలు ఆగమ్మా అన్నాను. "పడవ మీద నాయన పేరు చెరిపేసి వేరే పేరు రాసినారంట సార్. మా మామ సూసి వచ్చినాడు" అంది. బయట కంపెనీ వ్యాను హారన్ కొట్టింది. పరుగెత్తింది. ఈ అర్జీ చించేద్దామనుకున్నాను. చించి ఏం చెయ్యాలో తోచలేదు. పంపుతున్నాను.