మంచాల దారి దయ్యం బతికే ఉన్నది

ఇబ్రహీంపట్నం తహసీల్దారు గారి సముఖమునకు,

విషయం: మంచాల దారిలో మోరీ వద్ద తిరుగుతున్న దయ్యాన్ని మనిషిగా గుర్తించి హుకుం ఇప్పించుట గురించి.

అయ్యా,

1. మంచాల దారిలో వాగు మీద కట్టిన మోరీ వద్ద దయ్యం ఉన్నదని, ఎడ్లు అక్కడ బెదురుతున్నవని, పొద్దు వాలితే అది దగ్గుతుందని తాలూకా అంతటా ప్రచారంలో ఉన్నది. సదరు దయ్యాన్ని నేనే. దగ్గు చలి వల్ల.

2. పోయిన ఎండాకాలం రజాకార్లు వెంటపడగా రాచకొండ గుట్టల్లోకి పారిపోయినాను. నన్ను కాల్చి చంపారని ఊరికి కబురు పోయింది. నా భార్య జంగమ్మ దినాలు చేసి, పిట్టకు, అనగా కాకికి, ముద్ద పెట్టింది. పిట్ట బువ్వ ముట్టిందట. పోలీసు చర్య అయినాక, పీడ పోయిందని సంతోషంగా ఇంటికి వస్తుంటే మోరీ దగ్గర నా చిన్నాయన కొడుకు అంజిలయ్య ఎదురైనాడు. చెప్పులు వదిలి ఉరికినాడు. అవి నా వద్ద భద్రంగా ఉన్నవి. ఇచ్చుటకు అభ్యంతరం లేదు, తీసుకునేవాడే లేడు.

3. పొలిమేరలో నిలబడి ఊరివారికి మొరపెట్టుకున్నాను. "పిట్ట ముట్టినంక బతికున్ననంటే నడ్వదు గోపయ్యా. నీ దినాలకు అందరం తిని చేతులు గూడ కడుక్కున్నం" అని పెద్దమనిషి రామచంద్రయ్య రాళ్లు ఏరుకుంటూ సెలవిచ్చినారు.

4. జంగమ్మ రోజూ మోరీ మీద అన్నం పెట్టి, వెనుదిరిగి చూడకుండా పోతుంది. ఆకలికి తింటున్నాను. విస్తరి ఖాళీ అగుటే దయ్యానికి రుజువని ఊరివారి వాదన. తినకుంటే చస్తాను, తింటే చచ్చినట్టే లెక్క. ఆమె నడిచిపోతుంటే చూసి ఏడుపొస్తుంది. ఏడిస్తే ఇంకో కథ పుడుతుందని నోరు మూసుకుంటున్నాను.

కావున ఏలినవారు నన్ను బతికి ఉన్నవానిగా ఎంచి, ఊరిలో దండోరా వేయించి, నా ఇంటికి నన్ను చేర్పించ ప్రార్థన. పిట్ట సాక్ష్యం కన్నా నా సాక్ష్యం గట్టిదని చిత్తగించవలెను.

ఇట్లు,
తమ విధేయుడు, ప్రస్తుతం సజీవుడు,
గోపయ్య
మంచాల దారి మోరీ కింద

తా.క.: సంతకం పెట్టేసరికి జంగమ్మ వచ్చింది. విస్తరితోపాటు గొంగడి కూడా పెట్టి, అటు తిరిగే నిలబడి చెప్పింది: "ఎంత పిల్చినా కాకి రాలే. నువ్వు బతికే ఉన్నవని గప్పుడే ఎర్కైంది. గా మాట బయటవడితే రజాకార్లు నిన్ను ఎతికి సంపుతరని, అందరు దూరం జరిగినంక మన నల్లకోడితోని ముట్టిచ్చిన. గిది ఊరికి జెప్తే నన్ను బతకనియ్యరు. నువ్ హుకుం తెచ్చుకో, వాకిలి తీసి పెడ్త."

కాబట్టి ఏలినవారు దండోరాలో నా సంగతి మాత్రమే చెప్పించవలెను, కోడి సంగతి వద్దు. ఆమె పోయినాక విస్తరి విప్పి చూసినాను. కోడికూర. సాక్షి కూడా ఇక లేదు.