వెనక రాయి ఉన్న తలుపు

తుమ్మలపల్లి శ్యామలాదేవి అనే నేను, కీర్తిశేషులు ఆదినారాయణ గారి భార్యను, వయసు అరవై నాలుగు, వృత్తి సినిమాల్లో తల్లి వేషాలు, డాక్టరు వేషాలు, నివాసం హైదరాబాదు జూబిలీహిల్స్‌లో సొంత ఇల్లు, నా బుద్ధి నా దగ్గరే ఉండగా, ఎవరి బెదిరింపూ బుజ్జగింపూ లేకుండా, నా తదనంతరం అమలు జరగవలసిన వీలునామా రాయించుకుంటున్నాను. ఇంతకుముందు రాసినవేవైనా ఉంటే అవి చెల్లవు. తెర మీద ఎన్నిసార్లు చచ్చానో నాకే గుర్తులేదు. ఈసారి రీటేకు ఉండదని డాక్టరు గారు, నిజం డాక్టరు గారు, చెప్పారు. గుండె బలహీనపడింది గాని మతి చలించలేదు. తలుపు చప్పుడు వినిపిస్తోందన్నానని నన్ను పిచ్చిదాని కింద జమకట్టాలని చూసేవారు ఈ వాక్యం రెండుసార్లు చదువుకోవాలి.

1. ఈ వీలునామా అమలు చేసే బాధ్యత వకీలు అచ్యుతరామయ్య గారిది. ఫీజు దగ్గర గట్టి మనిషి, మాట దగ్గర ఇంకా గట్టి మనిషి.

2. నా పట్టుచీరలు, నాలుగు జతల గాజులు నా హెయిర్ డ్రెస్సర్ బాలాత్రిపురసుందరికి. మద్రాసు నుంచి పరిశ్రమతో పాటు నేనూ ఇక్కడికి వచ్చినప్పుడు నా వెంట వచ్చిన మనిషి అదొక్కతే. షాటులో నేను ఏడిస్తే కెమెరా వెనక అది ఏడ్చేది. ఆ కంచిపట్టు చీర మీద మా మరదలికి ఎప్పటినుంచో కన్నుంది. కన్ను అలాగే ఉండనివ్వండి.

3. తెనాలి దగ్గర పొలంలో నా వాటా, కారు, మా తమ్ముడి కొడుకు సత్యనారాయణమూర్తికి. ఇల్లు మాత్రం ఇవ్వను. ఇల్లు పడగొట్టి అపార్ట్‌మెంట్లు కట్టాలని వాడి ఆశ. నా షష్టిపూర్తి నాడు రహమత్ నగర్‌లో వైద్య శిబిరం పెట్టి, నా ఫొటోతో బ్యానరు కట్టి, బీపీ ఉన్న ముసలివాళ్లకు తలా మూడు మాత్రలు చేతిలో పెట్టాడు. నాలుగో రోజు వాళ్లు ఏం చేయాలిరా అంటే, "పేపర్లో వచ్చింది కదత్తా" అన్నాడు. వాడంటే నాకు ప్రేమ లేక కాదు. చిన్నప్పుడు నా చేతి ముద్ద తప్ప తినేవాడు కాదు. కానీ ఆ మాట నేను మరిచిపోలేదు.

4. వెనక గదిలో గోడకు ఆనించి ఉన్న తెల్ల తలుపు. దీని సంగతి చెప్పకపోతే తర్వాతి మాటలు ఎవరికీ బోధపడవు.

1986 ఎండాకాలంలో ఫిల్మ్ నగర్ గుట్ట మీద ఒక సినిమా కోసం ఆసుపత్రి సెట్టు వేశారు. మంచాలు, సెలైన్ స్టాండ్లు, చివర ఆపరేషన్ థియేటర్ అని రాసిన ఈ తలుపు. దీని వెనక గుట్ట రాయి తప్ప ఏమీ లేదు. నాది పెద్ద డాక్టరు వేషం. మధ్యాహ్నం షాటు మధ్యలో, కింద గుడిసెల్లో ఉండి రాళ్లు కొట్టుకునే దేవమ్మ, నాలుగేళ్ల కూతురు బాలమణిని భుజాన వేసుకుని లోపలికి వచ్చింది. వాళ్ల నల్లా పైపు మురుగు మోరీలోంచి పోయేది. ఆ వారం ఆ గుడిసెల్లో ఇంటింటా వాంతులు, బేదులే. "అమ్మా, జర సూడు, పిల్ల కండ్లు తెరుస్తలేదు" అంటూ నా చేతుల్లో పెట్టింది. నేను నోరు తెరిచేలోగా ఈ తలుపు దగ్గరికి పరుగెత్తి, అరచేతులతో బాది, లాగి తెరిచింది. రాయి కనిపించింది. వెనక ఎవరో నవ్వారు.

ప్రొడక్షన్ కారులో పెద్దాసుపత్రికి బయలుదేరాం. పంజాగుట్ట దాటకముందే బాలమణి నా ఒళ్లో పోయింది. కాచి చల్లార్చిన నీళ్లలో ఉప్పు, పంచదార కలిపి గుక్కగుక్కగా పట్టి ఉంటే బతికేదేమోనని తర్వాత ఒక నర్సమ్మ చెప్పింది. సెట్టులో టీ కోసం పంచదార డబ్బా నిండా ఉంది. మాలో ఒక్కరికీ ఆ సంగతి తెలియదు. మాకు చెప్పినవారూ లేరు.

సెట్టు విప్పేటప్పుడు ఈ తలుపుని చట్రంతో సహా కట్టెల ధరకు కొన్నాను. ఎందుకో అప్పుడు నాకూ తెలియదు. దీపాలు పెట్టే వేళకు దాని మీద అరచేత్తో బాదిన చప్పుడు వినిపిస్తుంది. ఎలకలన్నారు, బోను పెట్టించాను. గాలి అన్నారు, కిటికీ మూయించాను. చప్పుడుకు నేను భయపడను. లేచి వెళ్లి తెరుస్తాను. వెనక ఉత్త గోడ కనిపిస్తుంది. అప్పుడు భయం వేస్తుంది.

దేవమ్మ సెట్టును చూసి మోసపోయిందని ఇన్నేళ్లూ అనుకున్నాను. అప్పటినుంచీ ఆమె అప్పుడప్పుడు నా దగ్గరికి వస్తుంటుంది. నిరుడు ఆ మాటే అంటే నన్ను వింతగా చూసింది. "సెట్టింగని నాకెర్కనే అమ్మా. ముందుగాల సర్కారు దవాఖానకే పోయిన. తాళమేసి ఉండె. గీడ గింతమంది ఉన్నరు, ఒక్క అసలు డాక్టరన్న లోపల ఉండకపోతడా అనుకున్న." ఆ రాత్రి నాకు నిద్ర లేదు. మోసం చేసింది మా ఆసుపత్రి కాదు, తాళం వేసిన ఆసుపత్రి.

5. అందుచేత ఈ ఇంటి కింది వాటా బస్తీల ఆరోగ్య కేంద్రానికి ఇస్తున్నాను. ధర్మాసుపత్రి పెట్టవద్దు. దాత పోతే ధర్మం కూడా పోతుంది. డాక్టరు, నర్సు, టీకాలు, మందులు సర్కారే ఇవ్వాలి. ఇవ్వకపోతే ఇచ్చేదాకా అచ్యుతరామయ్య గారు ఆఫీసుల చుట్టూ తిరగాలి, తర్వాత ఆయన జూనియర్లు తిరగాలి. పై వాటా అద్దెతో ఇంకో నర్సుకు జీతం, టీకాల ఫ్రిజ్‌కు జనరేటరు. ఆ రెండో నర్సు పని కేంద్రంలో కూర్చోవడం కాదు. గుడిసెలకు వెళ్లి నల్లా నీళ్లు చూడాలి, ఉప్పు పంచదార నీళ్లు కలపడం ప్రతి తల్లికీ చేసి చూపించాలి. నా పేరు పెట్టవద్దు. విగ్రహం అసలే వద్దు. ఆ మధ్యాహ్నం విగ్రహంలా నిలబడింది చాలు.

6. ఆ తెల్ల తలుపుని కేంద్రం వాకిలికి బిగించాలి. చెదలు పట్టకుండా మందు పూయిస్తూనే వచ్చాను. బయటినుంచి తాళం వేసే వీలు ఉండకూడదు. రాత్రిళ్లు లోపల ఒక మనిషి ఉండాలి. అలాంటి మనిషి కుదిరేదాకా తలుపుని వెనక గదిలోనే ఉంచండి. చప్పుడు వినడానికి నేను ఉండను గనుక, మీలో ఎవరైనా వినండి.

7. ఈ క్లాజు కొట్టివేశాం. ఎందుకో రాయాలి. వెనక గది, బతికినంత కాలం భోజనం ఖర్చు దేవమ్మకని రాయించాను. లబ్ధి పొందే మనిషి సాక్షిగా ఉంటే రేపు మూర్తి కోర్టులో పేచీ పెట్టవచ్చు, రెండింటిలో ఒకటి ఎంచుకోమని దేవమ్మతో అన్నారు వకీలు గారు. తిండికి జరుగుబాటు ఉన్న మనిషి కాదు. అయినా తడుముకోలేదు. "నాకేమొద్దు సారూ. నేను సాక్ష్యం ఉంట. నా బిడ్డ పోయిన దినం నన్ను ఎవ్వరూ అడగలే" అంది. ఫలానా వారి భార్య అని రాయబోతే వకీలు గారి చెయ్యి పట్టుకుని ఆపింది. ఆమె చెప్పినట్టే రాశాం.

పై సంగతులన్నీ చదివించుకుని విని, సమ్మతించి, సాక్షుల ఎదుట సంతకం చేశాను.

జూబిలీహిల్స్, 1997 ఆగస్టు 9.

(సం.) తుమ్మలపల్లి శ్యామలాదేవి

సాక్షులు:
1. (సం.) వీరభద్రం, రిటైర్డు హెడ్మాస్టరు, మధురానగర్.
2. దేవమ్మ, బాలమణి తల్లి. ఎడమ బొటనవేలి ముద్ర.