తోటమాలి ఏరేసిన పురుగులు

నాన్నా, నేను కులాసా. చెల్లి ఈ కార్డు అమ్మకు కూడా వినపడేలా చదవాలి.

నువ్వు అడిగిన ఆర్‌ఎన్‌ఏ మందు ఈ పంటకు అందదు. అది విషంలా పనిచేయదు. ఆకుతోపాటు పెంకు పురుగు కడుపులోకి వెళ్లి, అది బతకడానికి కావలసిన ఒక పదార్థం దాని ఒంట్లో తయారుకాకుండా ఆపుతుంది. అందుకే పురుగు వెంటనే చావదు, కొన్నాళ్లు తింటూనే ఉంటుంది. ఇక్కడ మా పరిశోధన కేంద్రంలో ఆ మందు కొట్టిన వంగ మొక్కల మీద మేమే పురుగులను వదిలి, ఎప్పుడు తిండి మానేస్తాయో చూస్తున్నాం. నిన్న పొద్దున వెళ్లేసరికి ఒక్కటీ లేదు. మా ముసలి తోటమాలి అన్నిటినీ ఏరి సబ్బునీళ్లలో వేసేశాడు.

"పిచ్చితల్లీ, నీ మొక్కల్ని జల్లెడ చేసేస్తుంటే చూస్తూ ఊరుకోమంటావా?" అన్నాడు, మెచ్చుకుంటానని నా మొహంలోకి చూస్తూ.

"వాటిని వదిలింది నేనే తాతా!"

"పురుగుల్ని మేపడానికా ఇంత చదువు?" అని నోరెళ్లబెట్టాడు.

కోపం వచ్చింది గానీ, నువ్వైనా అదే చేసేవాడివని నవ్వేశాను. పరీక్ష మళ్లీ మొదటినుంచీ పెట్టాలి.

మొన్న పురుగుమందు కొడుతూ గట్టు మీద కళ్లు తిరిగి పడ్డావట. చెల్లి రాస్తే తెలిసింది. అమ్మా, ఆ మందు కొట్టే పంపు అటకెక్కించి నిచ్చెన పక్కింటివాళ్లకు ఇచ్చెయ్. నీ మోకాలి నొప్పి తగ్గిందా? నాన్నా, వంగమడి చిన్నదేగా, ఈ ఒక్క పంటకూ చేత్తో ఏరు. తాత ఏరితే నా పని పాడైంది గానీ, నువ్వు ఏరితే నాకు కంటినిండా నిద్ర పడుతుంది.

మీ ఇద్దరికీ దండాలు, చెల్లికి ముద్దులు.

నీ పెద్దమ్మాయి