చెవితో కొన్న బట్టలు

3, మంగళవారం. ఉదయం 9.20

నోటీసు బోర్డు ముందు నిలబడి రెండుసార్లు చదివాను. మా రేడియో స్టేషన్‌కి నలభై ఏళ్లు నిండాయట. పదిహేనో తేదీ ఆదివారం శ్రోతల దినం. ఆ రోజు పది గంటల వార్తలు స్టూడియోలో కాదు, స్టేషన్ హాల్లో, వేదిక మీద, మూడు వందల మంది ముందు చదవాలి. చదివేది నేను.

ఇరవై రెండేళ్లుగా నేనొక గొంతుని. గొంతుకి నడుం ఉండదు. శ్రోతలు ఎవరికి తోచిన నడుం వాళ్లు తగిలించుకున్నారు. వచ్చే ఉత్తరాల్ని బట్టి చూస్తే అందరూ సన్నటిదే తగిలించుకున్నారు.

అందరికంటే ఎక్కువగా బస్సు డ్రైవరుగారు. రిటైరై తొమ్మిదేళ్లయింది. వారానికో పోస్టుకార్డు రాస్తారు. పోయిన నెల రాసింది: "మీరు వార్తలు చదువుతుంటే సన్నగా, పొడుగ్గా ఒక మనిషి కిటికీ దగ్గర నిలబడి మాట్లాడుతున్నట్టు ఉంటుందమ్మా." నేను అయిదడుగుల ఒక అంగుళం. నడుం సంగతి తర్వాత. ఆయనా, వాళ్లావిడా ఇద్దరూ వస్తున్నారట.

నన్ను చూడగానే ఆయన మొహంలో వచ్చే మార్పుని నేను చూడలేను. భయమంతా అదే, ఇంకేమీ లేదు.

సాయంత్రం 6.00

మా ఆయన లెక్కల మాస్టారు. నా ఆకారాన్ని ఏమంటారని అడిగాను. దిద్దుతున్న పేపర్ల మీంచి తలెత్తకుండా "స్థూపం" అన్నారు. ఘనపరిమాణం కూడా కావాలా అని అడిగారు. అక్కర్లేదన్నాను.

పన్నెండు రోజుల్లో నడుం తగ్గదు. తగ్గించే ప్రయత్నాలన్నీ పాత డైరీల్లో ఉన్నాయి, మూడు డైరీలు. కాబట్టి ఈసారి తగ్గించడం కాదు. దాచడం. ఎందుకింతకాలం తట్టలేదో!

4, బుధవారం. సాయంత్రం 5.30

ఆడపడుచుని పిలిపించాను. పదకొండేళ్లుగా బట్టల షాపులో పని. వచ్చినవాళ్లు గుమ్మంలో అడుగు పెట్టకముందే వాళ్ల కొలతలు చెప్పేస్తుంది. "నీకు నడుం లేకపోవడం కాదు వదినా, కాస్త ఎక్కువైంది, అంతే" అని ధైర్యం చెప్పి నియమాలు రాయించింది.

1. నిలువు చారలు. అడ్డచారలు ఎదురైతే రోడ్డు దాటెయ్యాలి.
2. మెడ దగ్గర 'వి' ఆకారం. చూసేవాళ్ల చూపు అక్కడే ఆగాలి. కిందికి దిగనివ్వకూడదు.
3. ముదురు రంగు.
4. ఒంటికి అంటుకునే మెత్తటి గుడ్డ పనికిరాదు. తనంతట తాను నిలబడే గుడ్డ కావాలి.
5. బెల్టు పెట్టకూడదు. (నా బెల్టు ఎక్కడుందో ఆరేళ్లుగా నాకే తెలీదు.)
6. లోపల, పొట్టని నొక్కిపట్టే బిగింపు తొడుగు.

తర్వాత నా బీరువా తెరిచింది. అన్నీ బూడిద రంగు, మట్టి రంగు, అన్నీ వేలాడుతున్నవే. ఇవెవరు కొన్నారని అడిగింది.

చెవులు కొన్నాయి. మైకు ముందు బట్ట కదిలితే ఊరంతటికీ వినిపిస్తుంది. అందుకని ఇరవై రెండేళ్లుగా షాపులో గుడ్డని చెవి దగ్గర పెట్టుకుని నలిపి చూస్తాను. చప్పుడు చేస్తే వద్దు. చెయ్యకపోతే ఏ రంగైనా సరే. సేల్స్‌వాళ్లు నన్ను చూసి మేనేజరుని పిలిచిన రోజులున్నాయి.

అదంతా గతం. పదిహేనో తేదీ దాకా ఆరు నియమాలూ దాటను. ఒట్టు.

5, గురువారం. మధ్యాహ్నం 1.15

ముదురు నీలం జాకెట్. నిలువు చారలు. 'వి' మెడ. అలవాటు కొద్దీ చెవి దగ్గరికి తీసుకెళ్లబోతే ఆడపడుచు చెయ్యి లాగేసింది. "ఇకనుంచి నీ చెవుల్ని ఇంట్లో పెట్టి రా వదినా" అంది.

అద్దంలో చూసుకున్నాను. నడుం లేదు! పక్కకి తిరిగాను. ఉంది. మళ్లీ ఎదురుగా తిరిగాను. లేదు. పదిహేనో తేదీ అంతా ఎదురుగానే ఉంటాను.

6, శుక్రవారం. ఉదయం 7.25

జాకెట్ వేసుకునే ఏడు గంటల వార్తలు చదివాను. బయటికి రాగానే మా సౌండ్ ఇంజనీరు హెడ్‌ఫోన్లు మెడలోకి దించుకుని, స్టూడియోలోకి ఎవరైనా చిప్స్ పొట్లం తెచ్చారా అని అడిగాడు. అతనిది ముప్పై ఏళ్ల సర్వీసు, ఎవరి మోకాలు ఏ మెట్టు మీద చప్పుడు చేస్తుందో కూడా తెలుసు. ఎవరూ తేలేదన్నాను. చెయ్యెత్తమన్నాడు. ఎత్తాను. "చిప్సే" అన్నాడు.

నాలుగో నియమం స్టూడియోలో వర్తించదు. ఇది తప్పడం కాదు. సవరణ.

7, శనివారం. రాత్రి 8.00

కొత్తగా తెలిసింది: నిలువు చారలు మనిషి నిలబడితేనే నిలువు. కూర్చుంటే పొట్ట దగ్గర వంకర్లు తిరిగి, మడతలెక్కడున్నాయో వేలు పెట్టి చూపిస్తాయి. కాబట్టి కూర్చోను. భోజనం నిలబడి. ఫోను నిలబడి. దొంగలెవరైనా వస్తున్నారా, ఇలా కాపలా కాస్తున్నావేంటని అడిగారు మా ఆయన.

8, ఆదివారం

కాళ్లు నొప్పులు. పడుకున్నాను. పడుకున్నప్పుడు ఏ చారలు వేసుకోవాలో నియమాల్లో లేదు.

9, సోమవారం. సాయంత్రం 6.40

బిగింపు తొడుగు వచ్చింది. పెట్టెలోంచి తీస్తే చంటిపిల్లలకి కూడా చాలదనిపించింది. సాగుతుందట.

పద్నాలుగు నిమిషాలు పట్టింది. నేనొక పక్క, మా ఆయనొక పక్క పట్టుకుని లాగాం. పెళ్లయ్యాక ఇద్దరం ఇంత ఒద్దికగా చేసిన పని మరొకటి లేదు. నడుం నిజంగానే లోపలికి వెళ్లింది. వెళ్లిందంతా పక్కటెముకల పైన కొత్త అంతస్తులా లేచింది. "ఘనపరిమాణం మారదు. చోటు మారుతుందంతే" అన్నారు మాస్టారు. చెమట తుడుచుకుంటూ కూడా పాఠమే.

జాకెట్ వేస్తే ఆ అంతస్తు కూడా మాయం. రేపు ఈ తొడుగు వేసుకునే వార్తలు చదువుతాను. అలవాటు కావాలి కదా.

10, మంగళవారం. ఉదయం 8.10

రాయాలని లేదు. రాస్తున్నాను.

వార్తలు చదివేవాళ్లకి ఊపిరి పొట్టలోంచి వస్తుంది. ఈ ఉద్యోగంలో నాకు నేర్పిన మొదటి పాఠం అదే. పొట్టకి ఇవాళ చోటు లేదు. మొదటి వార్త సగంలో గాలి అయిపోయింది. వాతావరణం దగ్గరికి వచ్చేసరికి నాలుగంతస్తులు ఎక్కినదానిలా రొప్పుతున్నాను. జల్లులు పడే అవకాశం ఉందో లేదో చెప్పానో లేదో కూడా గుర్తులేదు.

స్టేషన్‌కి తొమ్మిది ఫోన్లు వచ్చాయి. తొమ్మిదోది డ్రైవరుగారిది. ఇన్నేళ్లలో ఆయన ఫోను చెయ్యడం ఇదే మొదటిసారి.

"ఒంట్లో బాగాలేదా అమ్మా? మీరు వాక్యం మధ్యలో ఆగడం నేనెప్పుడూ వినలేదు. ఇవాళ ఏడుసార్లు ఆగారు. ఆదివారం ప్రోగ్రాం పోతే పోయింది, డాక్టరుకి చూపించుకోండి."

జలుబన్నాను. ఫోను పెట్టేసి కాసేపు కుర్చీలో కూలబడ్డాను. చారలు ఏ వంకర తిరిగాయో చూసుకోలేదు.

జలుబుకి ముక్కు మూసుకుపోవాలి కదా మేడం, మీకు పొట్ట మూసుకుపోయిందేంటి అన్నాడు ఇంజనీరు. అంతలో డైరెక్టరు గారొచ్చి, కష్టంగా ఉంటే ఆదివారం ఇంకెవరితోనైనా చదివిస్తానన్నారు. చాలా మర్యాదగా అన్నారు. ఆ మర్యాదకే నాకు ఒళ్లు మండింది. నేనే చదువుతానన్నాను.

12, గురువారం. రాత్రి 7.30

నియమాల పరిస్థితి:

చారలు: ఉతకడానికి వేశాను.
'వి' మెడ: చలిగా ఉంది.
ముదురు రంగు: బూడిద కూడా చీకట్లో ముదురే.
నిలబడే గుడ్డ: విశ్రాంతి తీసుకుంటోంది.
తొడుగు: అటక మీద, పాత సామాన్ల వెనక వరసలో.
బెల్టు పెట్టకపోవడం: నూటికి నూరు పాళ్లు పాటించాను.

14, శనివారం. సాయంత్రం 4.00

పొద్దుటి నుంచి మా ఆయన పాత పైజామాలో ఉన్నాను. సగం కేకు తిన్నాను. మిగతా సగం ఒంటరిగా ఉండటం చూడలేకపోయాను. ఆడపడుచు ఫోను చేస్తే, అన్నీ పాటిస్తున్నానని చెప్పాను. నోట్లో కేకు ఉండటం వల్ల గొంతు కూడా నమ్మకంగా పలికింది.

రేపొక్క రోజు. ఆరూ పాటిస్తాను.

15, ఆదివారం. సాయంత్రం 5.00

9.15. ఆరు నియమాలతోనూ హాలు గుమ్మంలో నిలబడ్డాను. గళ్ల చొక్కా వేసుకున్న ఒక పెద్దాయన నా దగ్గరికి వచ్చి, వార్తలు చదివే మేడంగారు వచ్చేశారా అని అడిగారు. చేతిలో పోస్టుకార్డు. చూడగానే ఆ చేతిరాత గుర్తుపట్టాను.

ఆయన నన్ను గుర్తుపట్టలేదు. నోరు తెరిస్తే దొరికిపోతాను. అందుకని వేదిక వైపు వేలు చూపించాను. ఆయన నమస్కారం పెట్టి, నన్ను దాటుకుని, నన్ను వెతుక్కుంటూ వెళ్లిపోయారు. ఇన్ని రోజులుగా భయపడిన మార్పేదీ ఆయన మొహంలో రాలేదు. రాకపోవడమే ఎక్కువ బాధపెట్టింది.

9.35. వేదిక పక్కన, తెర చాటున, కాలరుకి మైకు పెట్టి పరీక్ష. ఊపిరి పీల్చగానే జాకెట్ చప్పుడు హాలంతా నిండింది. ముందు వరసలో ఒకాయన వానొస్తోందేమోనని కిటికీ వైపు చూశాడు. మొదటి వాక్యంలో ఎనిమిదో మాట దగ్గర గాలి అయిపోయింది. ఇంజనీరు మైకు కట్టేసి తల అడ్డంగా ఊపాడు.

9.42. ఆడవాళ్ల బాత్రూం. జాకెట్ వచ్చింది. తొడుగు రాలేదు. పైకి లాగితే మెడకి, కిందికి లాగితే తుంటికి పట్టేసింది. చేతులు కడుక్కుంటున్న ఒక పెద్దావిడ చూసి, ఏమీ అడగకుండా కొంగలా ఒంటికాలి మీద నిలబడి, రెండో కాలు గోడకి తన్నిపెట్టి లాగింది. ఊడింది. ఇద్దరం వాష్‌బేసిన్ మీద పడ్డాం.

"అమ్మయ్య. చాలా థాంక్సండీ" అన్నాను.

ఆవిడ అలాగే ఆగిపోయింది. నా గొంతుని గుర్తుపట్టేసింది. పై నుంచి కిందిదాకా ఒకసారి చూసింది.

"మీరా? మా ఆయన మిమ్మల్ని సన్నగా, పొడుగ్గా అనుకుంటారు. డ్రైవరు కదా, ఆయనకన్నీ పొడుగ్గానే కనిపిస్తాయి. నేను మాత్రం మీరు నాలాగే ఉంటారనుకున్నాను."

అద్దంలో ఇద్దరం పక్కపక్కనే ఉన్నాం. రెండు స్థూపాలు. నాకు నవ్వు ఆగలేదు, ఆవిడకీ ఆగలేదు. పన్నెండు రోజుల్లో పొట్ట నిండా ఊపిరి పీల్చుకుని నవ్వడం అదే మొదటిసారి.

9.58. లాకరులో ఎప్పుడూ ఉండే బూడిద రంగు టాప్. దాంతోనే వేదిక ఎక్కాను. మూడు వందల జతల కళ్లు. డ్రైవరుగారు మొదటి వరసలో, మధ్యలో. నన్ను చూశారు. గుమ్మం దగ్గర వేలు చూపించిన మనిషని ఆనవాలు పట్టారు కాబోలు, నుదురు ముడిపడింది. ఇదిగో, ఇదే, వచ్చేసింది అనుకున్నాను.

10.00. చదవడం మొదలుపెట్టాను.

ఆయన కళ్లు మూసుకున్నారు.

పక్కన వాళ్లావిడ మూసుకుంది. తర్వాత ఆ పక్కవాళ్లు. రెండో వార్త అయ్యేసరికి ముందు రెండు వరసల్లోనూ ఎవరి కళ్లూ తెరిచి లేవు. పన్నెండు రోజులు! కాళ్లు వాచాయి, పక్కటెముకలు కమిలాయి, నిలబడి అన్నం తిన్నాను. వీళ్లేమో నన్ను చూడ్డానికి ఇంత దూరం వచ్చి కళ్లు మూసుకుని కూర్చున్నారు. కోపం రావాలి. గొంతు వణుకుతుందేమోనన్న భయం మాత్రం వచ్చింది. వణకలేదు. అవకాశం ఉన్న జల్లులన్నీ స్పష్టంగా చెప్పాను.

తర్వాత డ్రైవరుగారు వచ్చి పోస్టుకార్డు చేతిలో పెట్టారు. ఇక పోస్టు చెయ్యక్కర్లేదు కదా అన్నారు. "ఇవాళ ఒక్కసారి కూడా ఆగలేదమ్మా. జలుబు తగ్గినట్టుంది."

తగ్గిందన్నాను.

16, సోమవారం. ఉదయం 9.05

నోటీసు బోర్డు మీద నిన్నటి ఫొటో పెట్టారు. పక్క నుంచి తీశారు! మైకు ముందు నేను, ఊపిరి నిండా పీల్చుకున్న క్షణం, నడుం పూర్తి వైభవంతో. ఎదురుగా రెండు వరసల జనం, అందరి కళ్లూ మూసే ఉన్నాయి. ఫొటోలో కళ్లు తెరిచి ఉన్నది నేనొక్కదాన్నే. ఆ నడుం చూసి ఇంతలా బాధపడుతున్నదీ నేనొక్కదాన్నే.

కింద డైరెక్టరుగారి రాత: చాలా బాగా జరిగింది, ఇకనుంచి ఏటా శ్రోతల దినం.

9.20

ఏడాది టైముంది. పన్నెండు రోజులంటే తొందరపడ్డాం. ఏడాది అంటే అదృష్టం. ఆడపడుచుకి ఫోను చేశాను. షాపులో కొత్త చారలు వచ్చాయట.

ఒకటో నియమం, నిలువు చారలు. ఇవాళ్టి నుంచే. ఒట్టు.

సాయంత్రం అయిదింటికి షాపుకి వెళ్తున్నాను. ఈసారి చెవుల్ని కూడా తీసుకెళ్తున్నాను.