కదలొద్దన్నప్పుడల్లా

టోవా పాయో
ఆదివారం

సుగుణక్కకు,

పదకొండో రోజున దండ వేయడానికి నాన్న ఫొటో నేను తెస్తానన్నాను కదా. తేలేను.

పోయిన నెల ఆయన కోసమే నా పాత కెమెరాకి ఒక పాతకాలం పోర్ట్రెయిట్ లెన్స్ కొన్నాను. దాంతో తీస్తే ఫోకస్ పెట్టిన చోటే స్పష్టంగా పడుతుంది, మనిషి బెత్తెడు జరిగినా మసకే. కిటికీ పక్కన కుర్చీలో కూర్చోబెట్టి "కదలకండి నాన్నా" అన్నాను. రేవులో క్రేన్ల మోతకి పోయిన చెవులు కదా, "ఏంట్రా?" అంటూ ముందుకు వంగారు. అప్పటికే నొక్కేశాను. రీలంతా అదే తంతు. ఆ కెమెరాలో మనం చూసే అద్దం వేరు, లెన్స్ వేరు; అందుకే చూస్తే అంతా బాగానే కనిపించింది.

నిన్న కడిగించాను. కుర్చీ అల్లిక పోగుపోగునా పడింది. నాన్న మొహమే పొగలా ఉంది.

ఐడీ కార్డు మీది ఫొటో పెద్దది చేయించు. ఇవి మాత్రం నా దగ్గరే ఉంచుకుంటాను. కదలొద్దన్న ప్రతిసారీ ఆయన నా వైపే వంగారక్కా.

నీ తమ్ముడు